కొట్టు మీది మేడలో తల్లి

1979 నుంచి 1990 దాకా బ్రిటన్ ప్రధానమంత్రిగా ఉన్న మార్గరెట్ థాచర్‌ని 'కిరాణా కొట్టువాళ్ళ అమ్మాయి' అనేవారు. మెచ్చుకోలుగా అన్నవాళ్ళూ ఉన్నారు, ఎగతాళిగా అన్నవాళ్ళూ ఉన్నారు. ఆవిడ రాజకీయాల జోలికి మనం వెళ్ళొద్దు. ఆవిడ పెరిగిన ఇంట్లోకి ఒక్కసారి తొంగి చూద్దాం, రండి.

ఇంగ్లండులో లింకన్‌షైర్ ప్రాంతంలో గ్రాంథమ్ అని ఒక చిన్న పట్నం ఉంది. న్యూటన్ చిన్నప్పుడు చదువుకున్న ఊరు. 1925లో మార్గరెట్ అక్కడ పుట్టింది. కింద కొట్టు, పైన కాపురం. వేణ్ణీళ్ళ కొళాయి లేదు. మరుగుదొడ్డి ఇంటి బయట. టీ పెద్ద పెట్టెల్లో, పంచదార బస్తాల్లో వచ్చేవి. వాటిని తూచి పొట్లాలు కట్టడంలో ఈ పిల్ల కూడా ఒక చెయ్యి వేసేది. మసాలా దినుసులూ, కాఫీ గింజలూ కలిసిన ఆ కొట్టు వాసన ఆవిడ జన్మలో మరిచిపోలేదు. ఇక ఆదివారం వస్తే ఆటల్లేవు, పేకముక్కల్లేవు. చర్చికి ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళి రావడమే!

తండ్రి ఆల్‌ఫ్రెడ్ రాబర్ట్స్ ఊళ్ళో పెద్దమనిషి. 1945లో మేయరయ్యాడు. వారం వారం లైబ్రరీనించి రెండు పుస్తకాలు తెచ్చేవాడు. గంభీరమైనదొకటి తనకీ కూతురికీ, నవల ఒకటి భార్యకి. ఆ పంపకం చూశారా! ప్రధానమంత్రి అయిన రోజున కూడా ఆవిడ, దాదాపు అంతా తండ్రి చలవేనంది.

మరి తల్లి? ఆమె పేరు బియాట్రిస్. పెళ్ళికి ముందు బట్టలు కుట్టి సొంతంగా సంపాదించుకున్న మనిషి. తర్వాత ఇల్లూ ఆమెదే, గంటల తరబడి కొట్లో నిలబడ్డమూ ఆమెదే. వారానికి రెండుసార్లు రొట్టెలూ కేకులూ కాల్చి, లేనివాళ్ళ ఇళ్ళకి కొన్ని పంపించేవాళ్ళు.

ఆమె 1960లో పోయింది. మరుసటేడు ఒక పత్రికవాళ్ళతో మాట్లాడుతూ కూతురు, అమ్మంటే ప్రేమేగాని పదిహేనేళ్ళు దాటాక మా మధ్య చెప్పుకోవడానికేమీ లేకపోయింది, తప్పు ఆమెది కాదు, ఎప్పుడూ ఇంటి బరువే, అన్న అర్థం వచ్చేట్టు చెప్పింది. చదివితే నాకు కడుపులో దేవినట్టయింది. మన పిల్లలు రేపు మన గురించి ఏమంటారో!

కాని డెబ్బై ఏళ్ళు దగ్గరపడ్డాక, 1995లో అచ్చయిన జ్ఞాపకాల్లో ఆవిడే మరో సంగతి రాసింది. ఇల్లు గడియారంలా నడపడం అమ్మే నేర్పిందట. ఇస్త్రీ పెట్టెలు నిప్పుమీద కాచి మగవాళ్ళ చొక్కా ఎలా చెయ్యాలో, కుట్టుపువ్వులు చెడకుండా ఎలా నొక్కాలో చూపించిందట. లినెన్ బట్టకి నిగనిగ రావాలంటే పెట్టెకి కొవ్వొత్తి మైనం కాస్త రాయాలి. ఎంతో తెలుసా? ఆరు పెన్నీల బిళ్ళ మీద పరుచుకునేంత. ఆ కొలత కూడా ఆవిడకి గుర్తుంది.