మణిపాల్ హాస్టల్లో మలేసియా బిడ్డ

మన ఉయ్యూరు వైపు పిల్లవాడు పైచదువుకు విదేశం వెళితే తల్లికి కంటిమీద కునుకుండదు. మలేసియా తల్లులదీ అదే బెంగ. 1997లో ప్రారంభమైన మెలాకా మణిపాల్ వైద్య కళాశాలలో చేరిన అక్కడి పిల్లలు మొదటి రెండున్నరేళ్లు కర్ణాటకలోని మణిపాల్‌లోనే చదివేవారు.

మలేసియా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి తొమ్మిదింటికి పుస్తకం మూసి ఫోను చేద్దామంటే అక్కడ పదకొండున్నర. అమ్మను లేపాలా, మానాలా? పొద్దున్నే ఇడ్లీ ముందు కూర్చుంటే కొబ్బరిపాలతో వండిన అన్నం, వేపిన నెత్తళ్లు, కారం కలిసిన ‘నాసి లెమాక్’ గుర్తుకొస్తుంది. ఉదయాన్నే అన్నమేమిటని నవ్వకండి, మన చద్దన్నం మాటేమిటి?

మలేసియాలో తెలుగువారూ ఉన్నారు. వారిలో చాలామంది బ్రిటిషువారి కాలంలో విశాఖ, శ్రీకాకుళం వైపునుండి తోటల పనికి ఓడలెక్కినవారి సంతతే. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులోనే జరిగాయి.

అలాంటి బిడ్డ ఎవరైనా బెజవాడ రైల్లో మీ పక్కన కూర్చుని పాతకాలపు తెలుగులో పలకరిస్తే, యాస విని నవ్వకండి. మీదే ఊరు బాబూ అని అడిగితే తడబడవచ్చు. ఊరి పేరు చెప్పకుండానే ముత్తాత పోయి ఉంటాడు. మరో ప్రశ్న వేయక, మీ టిఫిను డబ్బా విప్పి సగం ఆ చేతిలో పెట్టండి.