మీకు తెలుసా? సైబర్ కాపలాలో కృత్రిమ మేధ

సంస్థల కంప్యూటర్లకు చాలాకాలం కాపలా కాసిన యాంటీవైరస్ ప్రధాన పని ఫైళ్లను తెలిసిన వైరస్‌ల గుర్తులతో పోల్చి చూడటం. జాబితాలో లేనిది వస్తే అది చాలాసార్లు తప్పించుకునేది. కృత్రిమ మేధ వ్యవస్థలు ముందుగా మామూలు తీరును నేర్చుకుంటాయి: ఏ ఉద్యోగి ఏ వేళకు, ఎక్కడి నుంచి లాగిన్ అవుతారో, ఎంత డేటా వాడతారో గమనిస్తాయి. అర్ధరాత్రి ఒకే ఖాతా నుంచి వేల ఫైళ్లు బయటికి పోతుంటే హెచ్చరిస్తాయి. తప్పుడు హెచ్చరికలకూ కొదవ లేదు, అందుకే వాటిని మనుషులు సరిచూడక తప్పదు.

సాఫ్ట్‌వేర్ లోపాలను యంత్రాలే వెతికి సరిచేసే పోటీని అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2016 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిపింది. గెలిచిన ‘మేహెమ్’కు 20 లక్షల డాలర్లు దక్కాయి. ఆ వెంటనే మనుషుల జట్లతో తలపడి అదే మేహెమ్ ఆఖరి స్థానంలో నిలిచింది! 2024 నాటికి కథ మారింది. గూగుల్ వారి కృత్రిమ మేధ వ్యవస్థ ‘బిగ్ స్లీప్’ ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో అంతవరకు ఎవరూ గుర్తించని లోపాన్ని, అది అధికారిక విడుదలలోకి చేరకముందే పట్టింది. తయారీదారులు అదే రోజు సరిచేశారు.

మోసగాళ్లకూ ఈ సాంకేతికత అందింది. 2024లో బయటపడిన ఉదంతంలో, బ్రిటన్ ఇంజినీరింగ్ సంస్థ అరప్ హాంకాంగ్ ఉద్యోగి ఒకరు మొదట తనకొచ్చిన ఒక ఈమెయిల్‌ను అనుమానించారు. వీడియో కాల్‌లో ఆర్థిక విభాగం ముఖ్య అధికారి, సహోద్యోగులు కనిపించడంతో నమ్మి, సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశారు. ఆ ముఖాలూ గొంతులూ కృత్రిమ మేధతో సృష్టించిన నకిలీలు, అంటే డీప్‌ఫేక్‌లే. సంస్థ కంప్యూటర్లలోకి మాత్రం ఎవరూ చొరబడలేదు.