కుక్కపిల్ల చెప్పులెందుకు కొరుకుతుంది?

ఇంట్లో కుక్కపిల్ల ఉంటే గుమ్మం దగ్గర విప్పిన చెప్పులకు రక్షణ ఉండదు. పట్టీ తెగిపోయి, అంచులు పీచుపీచుగా కనిపిస్తాయి. మన మీద కోపంతో అలా చేస్తుందా? కానే కాదు.

ఎందుకంటే...
కుక్కపిల్లకు 28 పాలపళ్లుంటాయి. సుమారు నాలుగో నెల నుంచి అవి ఊడిపోతూ, ఏడో నెలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. అప్పుడు చిగుళ్లు సలుపుతాయి. దేన్నయినా గట్టిగా నమిలితే హాయిగా ఉంటుంది. చెప్పులకైతే ఇంట్లోవాళ్ల పాదాల వాసన ఉంటుంది. దానికి ఆ వాసనంటే ఇష్టం! పెద్ద కుక్కలేమో ఏమీ తోచకపోయినా, ఒంటరిగా బెంగపడినా కొరుకుతాయి.

మాన్పించడం ఎలా?
చెప్పులు, పుస్తకాలు అందకుండా పైన పెట్టండి. కరెంటు వైర్లు కొరికితే షాక్ కొడుతుంది, అవి అస్సలు అందకూడదు. నమలడానికి గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి. పాత చెప్పు మాత్రం ఇవ్వొద్దు. పాతదీ కొత్తదీ తేడా దానికి తెలియదు. వండిన ఎముకలూ వద్దు. అవి పెళుసుగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

చెప్పు నోట కరిస్తే లాక్కోకండి. లాగితే ఆట అనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. బొమ్మ చూపించండి. చెప్పు వదిలి బొమ్మ అందుకోగానే మెచ్చుకోండి. పొద్దున కొరికినదానికి సాయంత్రం తిడితే ఎందుకో దానికి అర్థం కాదు, భయపడుతుందంతే. రోజూ షికారుకు తీసుకెళ్లి, కాసేపు ఆడించండి. బాగా ఆడి అలసిన కుక్కకు చెప్పుల మీద ధ్యాస తగ్గుతుంది.