థైరాయిడ్ మాత్రకు వేళ ముఖ్యం

దోహా పారిశ్రామిక ప్రాంతంలోని ఏషియన్ టౌన్ పరిసరాల్లో ఉండే తెలుగు కార్మికుల తిండీ నిద్రా షిఫ్టును బట్టే. హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ హార్మోన్ లోపం ఉన్నవారికి ఇదే చిక్కు. దీనికి వాడే లెవోథైరాక్సిన్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. టీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాతే. తెల్లవారుజామునే బస్సెక్కేవారు డాక్టర్‌ను అడిగి, రాత్రి భోజనమైన 3 గంటల తర్వాత వేసుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే పాటించాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి.

ఆహారం విషయానికొస్తే, పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. వంటలో అయోడైజ్డ్ ఉప్పు వాడితే చాలావరకు అందుతుంది. థైరాయిడ్ సమస్య ఉన్నా ఉడికించిన క్యాబేజీ మితంగా తినవచ్చు. ఈ జబ్బులో వచ్చే మలబద్ధకాన్ని ఆకుకూరలు, నడక తగ్గిస్తాయి. మాత్ర మోతాదు మారిస్తే 6–8 వారాలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే) రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆహారం మాత్రకు తోడే గానీ బదులు కాదు. డాక్టర్ చెప్పకుండా మాత్ర మానకూడదు.