కొయ్యగూటిని కొరికే కుక్క

కుక్కకు పూర్వం మన ప్రాంతంలో వాకిటి బూడిదకుప్పయో, గొడ్లకొట్టంలోని గడ్డియో పాన్పుగా ఉండేది. మందల వెంట తిరిగే కుక్కకు ఆ పాటి ఆశ్రయం కూడా లేదు. నేడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలో ఇండ్ల చుట్టూ ప్రహరీలు లేచినవి. సంపాదించే మగవారు గల్ఫ్ దేశాలలో ఉండగా వృద్ధులు, స్త్రీలు, పిల్లలు మాత్రమే మిగిలిన కుటుంబాలు అనేకం. అట్టివారు కావలికై ఒక కుక్కపిల్లను తెచ్చి, వడ్రంగిచేత నాలుగు పలకలు కొట్టించి, పెరటిలో గూడు ఏర్పాటు చేస్తున్నారు. కొన్ని మాసాలు గడిచేసరికి ఆ గూటి అంచులు రంపంతో గీకినట్లు తయారవుతున్నాయి.

మేము కోరుట్లలో అద్దెకున్న కాలంలో ఎదురింటి వృద్ధురాలు ఒకనాటి ఉదయం ఆందోళనతో మా గడప వద్దకు వచ్చినది. "సారూ, మా కుక్కకు పిచ్చి లేసినట్టున్నది. కట్టెలు తింటున్నది. కొట్టి సంపియ్యుండ్రని అందరంటున్నరు. మీరేమంటరు?" అని అడిగినది. కుక్కను పెంచిన ఆమె కుమారుడు దుబాయికి పోయి అప్పటికి ఇరువది రోజులైనది. ఈ ఒక్క వివరమే విషయానికంతటికీ తాళపుచెవి అని మాకు తరువాత బోధపడినది.

ఆమె భయాన్ని తేలికగా తీసివేయరాదు. పిచ్చి, అనగా రేబీస్, సోకిన కుక్క కొయ్యను, రాతిని, మట్టిని కొరికి మ్రింగడం కలదు. కానీ దానికి మొరుగు బొంగురుపోతుంది, చొల్లు ధారగా కారుతుంది, దవడ వ్రేలాడుతుంది, నడక తడబడుతుంది. లక్షణాలు బయటపడిన పది దినాలలోపుగా అది మరణిస్తుంది. గూడు మాత్రమే కొరుకుతూ, వేళకు అన్నం తిని, నీరు త్రాగి, ఇంటివారిని చూచి తోకాడించే కుక్క సంగతి సాధారణంగా వేరు. అయినను అనుమానం ఉన్నంతవరకు దాని నోటిలో చేయి పెట్టకూడదు. కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ దినమే టీకాకు పోవాలి. లూయీ పాశ్చర్ 1885లో ఒక బాలునికి వేసిన టీకాతో ఈ వ్యాధి నుండి రక్షణ మార్గం తెరువబడినది; ఇంకను పసర్లను నమ్ముకొనేవారిని చూస్తే జాలి కలుగుతుంది. ఆ కుక్కను మేము కోరుట్ల పశువైద్య కళాశాలలో చూపించమన్నాము. పిచ్చి కాదని అక్కడ తేలినది.

మరి ఎందుకు కొరుకుతుంది? పిల్ల అయితే కారణం దంతాలు. కుక్కకు పాలపండ్లు 28, శాశ్వత దంతాలు 42. నాలుగవ మాసం మొదలుకొని ఏడవ మాసం వరకు ఇవి మారుతుంటాయి. చిగుళ్ళ సలుపు తీరడానికి దానికి ఏదో ఒకటి కొరకక తప్పదు. దానిని అరికట్టజూడడం వృథా. కొరుకుటకు వేరొకటి ఇవ్వవలె. ముడులు వేసిన పాత గోనెగుడ్డను నీటిలో తడిపి ఇస్తే చిగుళ్ళకు చల్లదనం కూడా దొరుకుతుంది. అది చీలికలైతే తీసివేయాలి. వండిన ఎముక మాత్రం ఈయరాదు. ఉడికిన ఎముక సూదులవలె విరిగి ప్రేగులో గ్రుచ్చుకొంటుంది.

పెద్ద కుక్క విషయంలో కొయ్యను గాక కుక్క బ్రతుకును పరీక్షించాలి. ఎక్కడ కొరికినదో చూస్తే చాలావరకు తెలుస్తుంది. ద్వారపు అంచును కొరికితే అది బయటకు రాగోరుతున్నదన్నమాట. అడుగు పలకను గోకి కొరికితే క్రింద ఎలుక చేరినదేమో చూడవలె. వేసవిలోనే కొరికితే ఎండను అనుమానించాలి. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పోయదు. నాలుక చాచి ఒగర్చి వేడిని వదులుతుంది. మే నెలలో రేకు కప్పు క్రింద గొలుసుతో బంధింపబడిన జీవి మరేమి చేయగలదు?

సిరిసిల్లలో మా మిత్రుని ఇంటి కుక్క ఉదాహరణ ఇక్కడ చెప్పదగినది. దాని గూడు మరమగ్గాల షెడ్డు గోడకు ఆనించి ఉండెను. కుక్క వినికిడి మన కంటే చురుకైనది. మన చెవికి అందని పై స్థాయి ధ్వనులు కూడా దానికి వినబడతాయి. సాంచాలు నడిచినంతసేపు అది అంచును కొరికేది; అవి ఆగిన దినాన ముట్టుకొనేది కాదు. గూటిని ఇంటి ముందరి వేపచెట్టు క్రిందికి మార్చిన తరువాత ఆ అలవాటు క్రమంగా తగ్గినది.

వడ్రంగి పని కూడా కొంత ఉన్నది. జగిత్యాలలో ఒక వృద్ధ వడ్రంగి మాకు చెప్పిన మాట: కుక్క చదునైన పలకను కొరకలేదు, దంతం పట్టడానికి దానికి అంచు కావాలి. కనుక పలకలు బయటకు పొడుచుకొని రాకుండా కూర్చి, ద్వారపు అంచును నున్నగా గుండ్రం చేసి, దానిపై మడతపెట్టిన అల్యూమినియం పట్టీ బిగించాలి. మేకు తలలు లోపలికి దిగవలె. గూటిని ఇటుకలపై లేపితే చెదలు, తేమ రెండును తగ్గుతాయి. చెదలకై వాడిన ఇంజను నూనె పూయడం మన ఊళ్ళలో ఉన్నది. కొరికే కుక్క ఉన్న ఇంట అది విషమే. రంగు వేస్తే సీసం లేనిది వేయాలి. 2016 నాటి నియమాలు ఇండ్లకు వేసే రంగులలో సీసాన్ని పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు పరిమితం చేసినవి. పాత డబ్బాలలోని రంగుకు ఆ భరోసా లేదు. కారం చల్లేవారున్నారు. అది కుక్క కంటికి, ముక్కుకు శిక్షయే తప్ప వైద్యం కాదు. వేపాకు కషాయం చేదుకు కొన్ని కుక్కలు వెనుదీస్తాయి, కొన్ని లెక్కచేయవు. వాన వస్తే అదీ పోతుంది. ఇక కొట్టడమా? ఉదయం కొరికినందుకు సాయంత్రం కొడితే ఆ దెబ్బ దేనికో దానికి తెలియదు.

మ్రింగిన పేడులు ప్రేగుకు అడ్డుపడవచ్చు, అంగిట గ్రుచ్చుకోవచ్చు. కుక్క పంజాతో మూతిని గోకుతున్నా, వాంతులై మలం ఆగినా ఆలస్యం చేయక పశువైద్యునికి చూపవలె.

ఖురానులో చెప్పబడిన గుహవాసుల కుక్క గుహ వాకిట ముంగాళ్ళు చాచి పడుకొన్నది. భారతంలోని కుక్క ధర్మరాజు వెంట కడదాకా నడచినది. పెరటి మూలను ఒంటరిగా కట్టివేయబడిన కుక్క మాకు రెంటిలోను కనబడలేదు! ఎదురింటి కుక్క రాత్రులు తన యజమాని మంచం ప్రక్కన వాకిట్లో పడుకొని పెరిగినది. అతడు వెళ్ళగానే దానిని పెరటికి మార్చి గొలుసు వేసినారు. మేము చెప్పగా గూటిని ముందరి వాకిటికి, వృద్ధురాలు బీడీలు చుట్టే అరుగు ప్రక్కకు తెచ్చినారు. మనుమడు ఉదయము, సాయంత్రము దానిని చెరువుకట్ట దాకా త్రిప్పసాగినాడు. మొదటి వారం కొరికినది, రెండవ వారం కొంత తగ్గించినది. నెల దాటిన తరువాత వృద్ధురాలు చేట ముందు పెట్టుకొని ఆకు కత్తిరిస్తూంటే, అది గూటిలో తల మాత్రం బయటపెట్టి నిద్రించడం మేము చూచినాము. కొరికిన అంచు అట్లే ఉన్నది. పట్టీ వేయించమని ఆమెకు రెండుసార్లు చెప్పినాము. కొడుకు పైసలు పంపినాక చూస్తానన్నది.