తెలుగునాట క్రీడా గౌరవాలు

తెలుగునాట క్రీడా గౌరవాలు అనగా ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పుట్టిన, లేదా అక్కడ స్థిరపడి పేరు తెచ్చుకున్న క్రీడాకారులకు, శిక్షకులకు, వ్యాఖ్యాతలకు లభించిన గుర్తింపు. క్రీడాప్రముఖులను ఎన్నుకొని, వారి పేర్లను, జ్ఞాపికలను ఒకే చోట భద్రపరచే పద్ధతిని "హాల్ ఆఫ్ ఫేమ్" అంటారు. అమెరికాలోని కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వీటిలో ప్రసిద్ధమైనది. దానికి తొలి ఎన్నిక 1936లో జరిగింది, భవనం 1939లో ప్రారంభమైంది. అంతర్జాతీయ క్రికెట్ మండలి 2009లో ఇటువంటి జాబితాను ప్రారంభించింది. తెలుగు క్రీడాప్రముఖుల గౌరవం మాత్రం ప్రధానంగా జాతీయ పురస్కారాలలోను, స్టేడియంల పేర్లలోను కనిపిస్తుంది. ఆటగాళ్ళ పేర్లు ప్రజలకు త్వరగా చేరగా, వారిని తీర్చిదిద్దిన శిక్షకులకు గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది.

పురస్కారాలు

భారత ప్రభుత్వం క్రీడాకారులకు ఇచ్చే అర్జున పురస్కారం 1961లో ప్రారంభమైంది. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అంటే ఆటగాడికీ శిక్షకుడికీ గౌరవం దక్కడంలో 24 సంవత్సరాల అంతరం ఉన్నది. అత్యున్నత పురస్కారమైన ఖేల్ రత్న 1991-92లో ఏర్పడింది. 2021లో దీని పేరును మేజర్ ధ్యాన్‌చంద్ ఖేల్ రత్నగా మార్చారు.

తొలితరం ప్రముఖులు

ఈ పురస్కారాలు లేని కాలంలో ప్రజలిచ్చిన బిరుదులే గౌరవాలు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో జన్మించిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు కలియుగ భీముడిగా పేరుపొందాడు. తన సర్కసు ప్రదర్శనలలో బలప్రదర్శనలు చేసి దేశవిదేశాలలో ఖ్యాతి గడించాడు. శ్రీకాకుళంలోని స్టేడియంకు ఇతని పేరు పెట్టారు.

భారత టెస్ట్ క్రికెట్ జట్టు తొలి కెప్టెన్ సి.కె.నాయుడు 1895లో నాగపూర్‌లోని ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు సాధించాడు. 1932లో లార్డ్స్ మైదానంలో భారత జట్టు ఆడిన తొలి టెస్టుకు నాయకత్వం వహించాడు. 1953-54లో రంజీ ట్రోఫీలో అడుగుపెట్టిన ఆంధ్ర జట్టుకు కూడా ఇతనే కెప్టెన్. 1956లో ఇతనికి పద్మభూషణ్ లభించింది. భారత క్రికెట్ నియంత్రణ మండలి ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం ఇతని పేరు మీదనే ఉన్నది.

సయ్యద్ అబ్దుల్ రహీం

గౌరవం ఆలస్యమైన శిక్షకులలో ముందుగా చెప్పుకోవలసిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించిన రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. అందువల్ల "రహీం సాబ్" అని అందరూ గౌరవంగా పిలిచేవారు. ఇతని శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలుచుకున్నది. బంతిని ఒక్కడే దగ్గర ఉంచుకోకుండా చిన్న పాస్‌లతో ముందుకు తీసుకువెళ్ళడం ఇతని పద్ధతి. డ్రిబ్లింగ్ చేయరాదనే నియమంతో పోటీలు పెట్టడం, బలహీనమైన కాలితో ఆడించడం వంటి ఉపాయాలతో ఆటగాళ్ళ లోపాలను సరిదిద్దేవాడు.

జాతీయ జట్టు శిక్షకుడిగా రహీం 1951 న్యూఢిల్లీ ఆసియా క్రీడలలో, 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత్‌కు స్వర్ణ పతకాలు సాధించిపెట్టాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోల్స్‌తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరికి నాలుగవ స్థానం పొందింది. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరామ్ వంటి హైదరాబాదు, సికింద్రాబాదు ఆటగాళ్ళు అనేకులు ఉన్నారు. జకార్తాలో తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్‌లో భారత్ 2-1తో గెలిచింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగ్‌దే.

అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న మరణించాడు. ఇతను మరణించిన 22 సంవత్సరాలకు గాని ద్రోణాచార్య పురస్కారమే ఏర్పడలేదు. ఇతని వద్ద ఆడినవారిలో బలరామ్‌కు 1962లో, యూసుఫ్ ఖాన్‌కు 1966లో, తంగరాజ్‌కు 1967లో అర్జున పురస్కారాలు వచ్చాయి. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఫుట్‌బాల్ ఆటగాడిగా, అంతర్జాతీయ రిఫరీగా పేరుపొంది, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. రహీం జీవితం ఆధారంగా "మైదాన్" అనే హిందీ చిత్రం 2024లో విడుదలైంది. మరణించిన 61 సంవత్సరాలకు ఈ తరానికి ఇతని పేరు ఆ విధంగా చేరింది.

హైదరాబాదుకే చెందిన సయ్యద్ నయీముద్దీన్ విషయంలో క్రమం తారుమారైంది. 1970 ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ అయిన ఇతనికి శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య పురస్కారం ముందు లభించగా, ఆటగాడిగా అర్జున పురస్కారం 1997లో వచ్చింది.

బ్యాడ్మింటన్ గురుపరంపర

హైదరాబాదు బ్యాడ్మింటన్‌లో గురుశిష్యుల వరుస స్పష్టంగా కనిపిస్తుంది. శిక్షకుడు ఎస్.ఎం.ఆరిఫ్ వద్ద పుల్లెల గోపీచంద్, గుత్తా జ్వాల, సైనా నెహ్వాల్ తదితరులు శిక్షణ పొందారు. ఆరిఫ్‌కు 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ లభించాయి. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లాండ్ టైటిల్ గెలిచిన తరువాత శిక్షణ వైపు మళ్ళాడు. గచ్చిబౌలిలో అకాడమీ నిర్మాణానికి తన ఇల్లు తాకట్టు పెట్టాడు. 2008లో అకాడమీ ప్రారంభమైంది. 2009లో ఇతనికి కూడా ద్రోణాచార్య పురస్కారం లభించింది. ఇతని శిష్యురాళ్ళలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి.సింధు 2016 రియోలో రజతం సాధించారు. సింధు 2019లో ప్రపంచ విజేతగా కూడా నిలిచింది.

వెయిట్ లిఫ్టింగ్, అథ్లెటిక్స్

శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలుచుకుంది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఈమె. ఈమెకు తొలి పాఠాలు నేర్పిన శిక్షకుడు నీలంశెట్టి అప్పన్న. మల్లేశ్వరి పేరు తెలిసినంతగా అప్పన్న పేరు పాఠకులకు తెలియదు.

అథ్లెటిక్స్ శిక్షకుడు నాగపురి రమేష్‌కు 2016లో ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవంజి దీప్తి ఇతని శిష్యురాలు. ఈమె 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టి20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించింది.

వ్యాఖ్యాతలు

అర్జున, ద్రోణాచార్య పురస్కారాలలో వ్యాఖ్యాతలకు చోటు లేదు. ఆటను మైదానం బయటి శ్రోతలకు చేర్చిన వీరికి శ్రోతల ఆదరణే గౌరవం. 1961లో హైదరాబాదులో జన్మించిన హర్షా భోగ్లే 19 ఏళ్ళ వయసులోనే ఆకాశవాణిలో క్రికెట్ వ్యాఖ్యానం ప్రారంభించి, తరువాత టెలివిజన్ ద్వారా ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ ప్రారంభం కావడంతో తెలుగు వ్యాఖ్యానానికి ప్రత్యేక వేదిక ఏర్పడింది. ఎం.ఎస్.కె.ప్రసాద్, వేణుగోపాలరావు వంటి మాజీ క్రికెటర్లు తెలుగులో వ్యాఖ్యానించారు.

స్టేడియంల పేర్లు

హైదరాబాదులోని ప్రధాన స్టేడియంలకు రాజకీయ నాయకుల పేర్లే ఎక్కువ. జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలోని రహమత్ నగర్‌కు పొరుగున ఉన్న యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం ఉంది. పూర్వపు ఫతే మైదాన్‌కు 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. గచ్చిబౌలి స్టేడియంకు జి.ఎం.సి.బాలయోగి పేరు, ఉప్పల్ స్టేడియంకు రాజీవ్ గాంధీ పేరు ఉన్నాయి. ఇటీవల ఇందులో కొంత మార్పు కనిపిస్తున్నది. 2025 అక్టోబరులో మహిళల ప్రపంచ కప్ సందర్భంగా విశాఖపట్నం క్రికెట్ స్టేడియంలో ఒక స్టాండ్‌కు మిథాలీ రాజ్ పేరు, ఒక ద్వారానికి వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు.

ద్రోణాచార్య పురస్కారం పొందినవారిలో కొందరు

- సయ్యద్ నయీముద్దీన్ (ఫుట్‌బాల్) - 1990
- ఎస్.ఎం.ఆరిఫ్ (బ్యాడ్మింటన్) - 2000
- పుల్లెల గోపీచంద్ (బ్యాడ్మింటన్) - 2009
- ఐ.వెంకటేశ్వరరావు (బాక్సింగ్) - 2011
- నాగపురి రమేష్ (అథ్లెటిక్స్) - 2016

ఇవి కూడా చూడండి

- అర్జున అవార్డు
- ద్రోణాచార్య పురస్కారం
- సయ్యద్ అబ్దుల్ రహీం
- కోడి రామ్మూర్తి నాయుడు