జల కాలుష్యానికి శిక్ష: నేల నష్టమే కొలమానం కావాలి

కలుషితమైన సాగునీటి వలన కలిగే నష్టం ఒక పంటతో ముగియదు. వ్యర్థజలాలలోని సోడియం నల్లరేగడి నేలల నిర్మాణాన్ని చెదరగొట్టి, నీరు ఇంకే గుణాన్ని తగ్గిస్తుంది. భారలోహాలు మట్టిలో దశాబ్దాల తరబడి నిలిచిపోతాయి. పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థాలు నక్కవాగు ద్వారా మంజీరలో చేరిన ఉదంతం ఇందుకు తార్కాణం. దీనిపై 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగింది.

1974 నాటి జల చట్టం నీటి వనరులను కలుషితం చేసినవారికి ఏడాదిన్నర నుండి ఆరేళ్ల జైలుశిక్షతోపాటు జరిమానా విధించింది. 2024 సవరణ దీని స్థానంలో రూ. 10,000 నుండి రూ. 15 లక్షల వరకు ఆర్థిక దండనను నిర్ణయించింది. ఇతర రాష్ట్రాలు శాసనసభ తీర్మానంతో ఈ సవరణను స్వీకరించవచ్చు.

కోర్టుకు వెళ్లకుండా అధికారి స్థాయిలోనే దండన తేలడం ఇందులోని మేలు. అయితే గరిష్ఠ పరిమితి గల దండన, పెద్ద పరిశ్రమకు ఉత్పత్తి వ్యయంలో ఒక పద్దుగా మిగిలే ప్రమాదముంది. చౌడుబారిన నేలను జిప్సంతో, మురుగునీటి కాలువలతో బాగుచేసే భారం మాత్రం రైతుపై పడుతుంది. కావున దండనను నేల పునరుద్ధరణ వ్యయంతో ముడిపెట్టాలి. పదేపదే నేరానికి పాల్పడేవారికి జైలుశిక్షను కొనసాగించాలి.

పరిశ్రమలకు దిగువనున్న రైతులు ఏటా సాగునీటిని, మట్టిని పరీక్ష చేయించి ఫలితాలను భద్రపరచుకోవాలి. నేల పూర్వస్థితి నమోదు కానిదే తరువాతి నష్టాన్ని నిరూపించడం కష్టం.